నా కంటికి ఆనని పేక

ఇతరుల ఇళ్ళు, కార్లు, ప్రమోషన్లు చూసి నేను పెద్దగా కుళ్ళుకోను. వాటికోసం వాళ్ళు పడే అవస్థ కూడా పక్కనే కనిపిస్తుంటుంది కాబట్టి కొంత ఊరట దొరుకుతుంది. మా షడ్డకుడి కళ్ళ సంగతి వేరు. అవి ఆయన కష్టపడి సంపాదించుకున్నవి కావు, ఊరికే వచ్చినవి. వాటి గురించి కుళ్ళుకోవడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు. కాబట్టి ఏళ్ళ తరబడి ఆ పనే శ్రద్ధగా చేశాను.

షడ్డకుడంటే నా భార్య అక్కకు భర్త. కోరుట్లలో మ్యాచింగ్ సెంటర్ నడుపుతాడు. చీర కొంగు ఒకసారి చూస్తాడు, లోపలికి వెళ్ళి జాకెట్టు గుడ్డ తెచ్చి పక్కన పెడతాడు. రెండూ ఒకే తొట్టిలో ముంచి తీసినట్టుంటాయి. చీర ఇంట్లో మరిచిపోయి వచ్చినవాళ్ళు నోటితో రంగు చెప్పినా సరే, సరిగ్గా అదే తెచ్చి పెడతాడట. కోరుట్లలో సగం మంది ఆడవాళ్ళు భర్త మాటకన్నా ఆయన కన్నునే ఎక్కువ నమ్ముతారు. మిగతా సగం మంది ఇంకా ఆయన దుకాణానికి వెళ్ళలేదు.

నేను సిరిసిల్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. మామ ఇల్లు మా ఇంటికి రెండు గల్లీల అవతల. ఆయన చిన్న ఆసామి. ఇంటి వెనక రేకుల షెడ్డులో కొన్ని సాంచెలున్నాయి. కరెంటు మగ్గాలను మా దగ్గర అలాగే అంటారు. కాలేజీ అయ్యాక సాయంత్రాలు వెళ్ళి నేను అక్కడ గుడ్డ చూస్తాను.

గుడ్డ చూడడమంటే పెద్ద విద్యేమీ కాదు. ముందు గదిలో కిటికీకి ఎదురుగా ఒక ఇనుప పైపు అడ్డంగా బిగించి ఉంటుంది. సాంచె మీది నుంచి దిగిన తానును ఆ పైపు మీదుగా వేస్తారు. ఒకరు కింద కూర్చుని మెల్లగా లాగుతుంటే, ఇంకొకరు కాస్త వెనక్కి నిలబడి కిటికీ వెలుతురులో తప్పులు వెతకాలి. నిలువు దారాలు పడుగు, అడ్డ దారాలు పేక. పడుగు పోగు తెగితే పొడుగునా సన్నటి గీత పడుతుంది. పేక పోతే అడ్డంగా పలుచటి పట్టీ పడుతుంది. ఏ తప్పూ లేకపోతే మడిచి కట్టేయాలి. దీనికి డిగ్రీ అక్కర్లేదు. నాకు ఉంది.

నేను చూసి కట్టిన తానును మామ మళ్ళీ విప్పేవాడు. నేను వెళ్ళాక కాదు, నా ముందే.

"మామా, నేను చూసిన గదా."

"చూసినవ్ తియ్," అంటూనే ముడి విప్పేవాడు.

ఆదివారం కోరుట్ల నుంచి వచ్చి షడ్డకుడు చూసిన తాను మాత్రం కట్టింది కట్టినట్టే ఉండేది. "వారు చూసిన్రు గదా, ఇంకేంది," అనేవాడు మామ. ఆయనకు 'మీరు', నాకు 'నువ్వు'. నువ్వు అనడం ప్రేమ అని నా భార్య వివరణ. ఆ ప్రేమ కొంత తగ్గించి ఇవ్వమని నేను ఎవరినీ అడగలేదు. నాకు కావలసింది చాలా చిన్నది. నేను కట్టిన ముడి ఎవరూ విప్పకుండా ఉండాలి.

అది జరిగేలా కనిపించలేదు. ఒక ఆదివారం నేను కిటికీ దగ్గర నిలబడి, మా దగ్గర పనిచేసే ఆమె గుడ్డ లాగుతుంటే, ఎంతో జాగ్రత్తగా చూస్తున్నాను. షడ్డకుడు చేతిలో మిర్చి బజ్జీతో గుమ్మంలోకి వచ్చాడు.

"తమ్మీ, పట్టీ పడ్డది."

"ఏడ?"

"గిక్కడ. బజ్జీ చల్లగైతది, జల్ది సూడు."

నేను చూశాను. నిజంగానే చూశాను. గుడ్డ బాగానే ఉంది. ఆయన వచ్చి నూనె అంటని వేలు ఒకటి వెతుక్కుని దానితో చూపించాడు. దగ్గరగా వంగితే ఉందన్న అనుమానం వచ్చింది. ఆ వారమంతా నేను కట్టిన తానులన్నీ గోడవారన పేర్చి ఉన్నాయి. మామ ఒక్కొక్కటే కిందికి దించడం మొదలుపెట్టాడు. ఎవరైనా నన్ను నాలుగు మాటలు తిడితే బాగుండుననిపించింది. ఎవరికీ తీరిక లేదు, అందరూ విప్పుతున్నారు.

చిత్రమేమిటంటే, తెగిన పడుగు పోగు నా కంటినుంచి ఎప్పుడూ తప్పించుకోలేదు. కానీ దానికి పేరు రాదు. పడుగు తెగితే సాంచె నడిపేవాడికే ముందు తెలిసిపోతుంది. నేను పట్టుకునేది అందరికీ తెలిసిన తప్పు, ఆయన పట్టుకునేది ఎవరికీ తెలియని తప్పు. ఇదేదో మనిషి గుణంలో తేడా అనుకున్నాను. ఆయన కన్ను సూక్ష్మం, నాది స్థూలం అని సర్దిచెప్పుకుని, ఇంకొంచెం కుళ్ళుకున్నాను.

ఈలోగా మామకు కుడి కన్ను మసకబారింది. మోతిబిందు, అంటే శుక్లం, ఆపరేషన్ చేయాలన్నారు. సరిగ్గా అప్పుడే ఒక బడికి యూనిఫాం గుడ్డ ఆర్డరు వచ్చింది. లేత నీలం, సాదా నేత. సాదా గుడ్డలో తప్పు దాక్కోవడానికి చోటుండదు. ఆపరేషన్ అయ్యాక మామ కొన్నాళ్ళు కంటికి శ్రమ ఇవ్వకూడదు. మరి ఆర్డరు గుడ్డ ఎవరు చూడాలి? నేను రెండు గల్లీల అవతలే ఉన్నాను. పైగా అప్పటికి కాలేజీకి సెలవులు. మామ ఫోన్ తీశాడు.

"పెద్దల్లుడా, దుకాణం మా బిడ్డకు అప్పజెప్పి జర వచ్చి ఉంటరా? గుడ్డ చూసేటోళ్ళు లేరు."

నేను ఆయన పక్కనే కూర్చుని వేరుశనగలు ఒలుస్తున్నాను. ఒలుస్తూనే ఉన్నాను.

ఆపరేషన్‌కు ముందు పరీక్షలకని మామను జగిత్యాల తీసుకెళ్ళే పని మాత్రం నాకు దక్కింది. మల్యాల దాటేదాకా ఆయన బస్సులో ఎదుటి సీటు వెనక రాసిన అక్షరాలు చదవడానికి ప్రయత్నించాడు. ఆసుపత్రిలో దిగేసరికి షడ్డకుడు కోరుట్ల నుంచి ఇడ్లీ డబ్బాతో వచ్చి మాకన్నా ముందే బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మామ పరీక్ష అయిపోయాక నా వైపు తిరిగి అన్నాడు.

"ఎట్లాగు వచ్చినవ్, నువ్వు గుడ చూపెట్టుకో. పట్టీలు ఆనుతలేవు గదా నీకు."

బెంచీ మీద ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ళందరికీ నాకు పట్టీలు ఆనవని తెలిసింది.

కళ్ళు పరీక్షించే అమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదుటి గోడ మీది అక్షరాలు చదవమంది. పై వరుసలు ధీమాగా చదివాను. కింది వరుసల దగ్గర నా గొంతు తగ్గింది.

"'వ'... తర్వాత 'ప'..."

"'ప' కాదు తమ్మీ, 'స'." తలుపు తెరిచే ఉంది. షడ్డకుడు బయటి బెంచీ మీది నుంచే చదువుతున్నాడు. "ఆఖరుకు 'ల' ఉన్నది సూడు."

"సార్, మీరు చెప్పొద్దు. ఆయన చెప్పాలి," అంది ఆ అమ్మాయి.

ఇన్విజిలేషన్ డ్యూటీల్లో కాపీ అందించేవాళ్ళను చాలామందిని చూశాను. ఆఖరి వరుసదాకా జవాబులు అందించి కూడా అవతలివాణ్ణి ఫెయిల్ చేయించినవాణ్ణి అదే మొదటిసారి చూడడం.

నా ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడిగింది. రెండూ ఒకలాగే ఉన్నాయి. ఏదో ఒకటి చెప్పకపోతే బాగుండదని మొదటిది అన్నాను. ఆమె నా మాట నమ్మక మళ్ళీ తిప్పి అడిగింది. ఆ ఊళ్ళో కూడా నేను చూసింది ఇంకొకసారి చూస్తున్నారు.

చివరికి కాగితం చేతికొచ్చింది. కుడి కన్ను, ఎడమ కన్ను అని రెండు వరుసలు, పక్కన మూడేసి గడులు. రెండు వరుసల్లోనూ అవే అంకెలు. మొదటి గడిలో మైనస్ 0.75, రెండో గడిలో మైనస్ 1.50, మూడో గడిలో 180. కామర్స్ చెప్పే మనిషిగా చూస్తే రెండు గడుల్లో నష్టం, మూడోదాంట్లో ఎవరూ ఊహించని లాభం. బెంచీ మీద కుటుంబ సమావేశం మొదలైంది.

"నూటెనభై ఉన్నదా?" మామ కంగారుపడ్డాడు. "తినకముందా, తిన్నంకనా?"

"ఇది షుగర్ గాదు మామా, కండ్లది."

"ఏదైతేంది, నూటెనభై అంటే ఎక్కువనే."

షడ్డకుడు కాగితం తీసుకుని చెయ్యి బారుగా చాచి చూశాడు. "పవర్ అంటే ఒకటి, రెండు, మహా అయితే ఆరు. నూటెనభై నేనెన్నడు వినలే. తమ్మీ, నువ్వింక బండి నడుపకు. అరె, మైనస్ గుడ ఉన్నదిగా!"

మామ అప్పటికే అత్తమ్మకు ఫోన్ చేసి చెప్పేశాడు. అవతలి నుంచి ఆమె గొంతు నాక్కూడా వినపడింది. "రేపటిసంది అల్లునికి చాయ్‌ల చక్కెర బంద్." అన్న మాట నిలబెట్టుకుంది కూడా. ఆ చక్కెర తిరిగి రావడానికి చాలా వాదించాల్సి వచ్చింది.

నేను కాగితం పట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాను. "అమ్మా, ఈ నూట ఎనభై ఏమిటి?"

"అది ఎంత అని కాదు సార్, ఎటు అని," అంది. నా ముఖం చూసి ఓపికగా కూర్చుంది. మొదటి గడి అన్ని వైపులా కావలసిన పవర్. దూరం మసక కాబట్టి మైనస్. మైనస్ అంటే తక్కువ మార్కులని కాదు, అద్దం రకం అంతే. రెండో గడిలోది ఒక్క వైపుకే అదనంగా కావలసిన పవర్. నా కంటి ముందుభాగం బంతిలా గుండ్రంగా లేదు, కాస్త నొక్కిన బంతిలా ఉంది. ఆ అదనపు పవర్‌ను అద్దంలో ఎటు తిప్పి బిగించాలో మూడో గడి చెబుతుంది. బడిలో కోణమానిని మీద ఉండే డిగ్రీలే అవి.

ఆమె గోడమీద ఇంకో బొమ్మ చూపించింది. గడియారం ముళ్ళలా నడుమ నుంచి అన్ని వైపులకూ గీతలు. "అద్దాలు లేకుండా చూడండి. ఏవి నల్లగా ఉన్నాయి?"

"నిలువువి."

"అడ్డం గీతలు?"

"అవి అచ్చు సరిగా పడలేదు."

"అన్నీ ఒకే అచ్చు సార్."

నేను ఆ బొమ్మను చూస్తూ ఉండిపోయాను. నిలువువి నల్లగా, సూటిగా, ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్నాయి. అడ్డంవి తడి వేలితో రుద్దినట్టున్నాయి. కిటికీ ముందు పైపు మీదినుంచి జారే గుడ్డ గుర్తొచ్చింది.

"అంటే నాకు పడుగు కనిపిస్తుంది, పేక కనిపించదు."

"పేక అంటే ఏంటి సార్?" అంది ఆమె. ఆమెది నేత ఊరు కాదు.

ఇన్నేళ్ళూ నేను గుణం అనుకున్నది అద్దం తిప్పుడు వ్యవహారం. అవమానం పోయినట్టే అనిపించింది. కుళ్ళు మాత్రం పోలేదు, ఇంకాస్త పెరిగింది. మనిషి గొప్పవాడైతే ఒప్పుకోవచ్చు. గొప్పతనమంతా కంటి గుండ్రంలో ఉందంటే ఎలా ఒప్పుకోవడం?

తిరుగు ప్రయాణంలో బస్సులో మామకు విషయం వివరించాను.

"అంటే ఇన్నేండ్ల నుంచి నువ్వు చూసిన గుడ్డంత సగమే చూసినవన్నట్టు."

"అంతే మామా."

"నేను ఊకెనే విప్పలేదు మరి."

అద్దాలు వచ్చిన రోజు ఇంటి మెట్లు నా కాళ్ళ కిందికి కొంచెం ముందుగానే వచ్చాయి. నేల ఒక పక్కకు ఒరిగినట్టుంది. ఆ అమ్మాయి ముందే చెప్పింది, అలవాటు కావడానికి కొన్నాళ్ళు పడుతుందని. అయినా నేను తీయలేదు. కరెంటు తీగలు ఒకదాని కింద ఒకటి వేరువేరుగా ఉన్నాయి. ఎదురింటి షట్టరుకు అన్ని మడతలున్నాయని నాకు తెలియదు. నా భార్య చీర అంచులో అడ్డంగా ఒక సన్న జరీ గీత ఉంది. "ఇది కొత్త చీరా?" అని అడిగాను. పెళ్ళిరోజుకు నేను కొన్నదేనట. ఈ సంభాషణ ఇక్కడితో ఆపుతాను.

మామ దగ్గరికి వెళ్ళి, ఇక ఆర్డరు గుడ్డ నేను చూస్తానన్నాను.

"కొత్త అద్దాలాయె, అలవాటు గావాలె," అన్నాడు. "వారు వస్తా అన్నరు గదా. నువ్వు లాగు."

అలా ఆపరేషన్ తర్వాత, మామ కంటికి పట్టీతో లోపలి గదిలో మంచం మీద పడుకుని ఉండగా, ముందు గదిలో షడ్డకుడు నిలబడి చూస్తున్నాడు, నేను కింద కూర్చుని లాగుతున్నాను. ఆయన వచ్చీరాగానే ఒక వెడల్పాటి పట్టీ పట్టాడు. లోపలి నుంచి మామ, "మరి! కన్నంటే గట్లుండాలె," అన్నాడు. నేను లాగాను.

కాసేపటికి గమనించాను. నేను నిలబడే చోటికన్నా షడ్డకుడు ఒక అడుగు వెనక ఉన్నాడు. ఇంకో తానుకు ఇంకో అడుగు. మధ్యాహ్నానికి వీపు గోడకు ఆనింది. గోడ లేకపోతే పక్క ఊరు తంగళ్ళపల్లి దాకా వెళ్ళేవాడేమో. ఫోన్ మోగితే దాన్ని కూడా చెయ్యి బారుగా చాచి, ఎవరు చేశారో చూశాడు.

అప్పుడు నా చేతుల్లోంచి ఒక పేక తప్పు జారిపోబోయింది. పట్టీ కాదు, ఒక్కటే దారం, గుడ్డ ఈ అంచు నుంచి ఆ అంచుదాకా లేదు. పోయిన దారాన్ని నేను జీవితంలో మొదటిసారి చూస్తున్నాను. లాగడం ఆపాను.

"ఎందుకాపినవ్ తమ్మీ?"

"పేక పోయింది అన్నా."

"ఏడ?"

ఆ మాట ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. వెంటనే జవాబు చెప్పబుద్ధి కాలేదు. కాస్త ఆగి వేలు పెట్టి చూపించాను. ఆయన దగ్గరికి వచ్చి వంగాడు. తల వెనక్కి తీశాడు. ఒక కన్ను మూశాడు.

"ఏడనే?"

"గిదే. నా వేలు కింద."

"నీ అద్దాలియ్యి." నా ముఖం మీంచి తీసుకుని పెట్టుకున్నాడు. "వామ్మో, గిదేంది, అంత మసక మసకున్నది. గిందుల నుంచి ఎట్ల చూస్తవ్ నువ్వు?"

"నా నంబరు నీకు పడదన్నా. ఎవలది వాళ్ళకే."

అద్దాలు తిరిగి ఇచ్చి, బొటనవేలి గోరుతో గుడ్డ మీద మెల్లగా నిమిరాడు. గోరు ఒకచోట ఆగింది. ఆయన కూడా ఆగిపోయాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"దుకాణంల గుడ గిట్లనే అయితున్నది. రంగు మంచిగనే ఆనుతది. దగ్గర వెట్టుకుంటే అంత అలికినట్టయితది. సూదిల దారం మీ వదినతోనే ఎక్కిస్తున్న. మామకు చెప్పకు తమ్మీ."

నిజం చెప్పాలంటే జాలి కలిగింది. అది రావడానికి కొంచెం సమయం పట్టింది. దానికన్నా ముందు వచ్చింది వేరే. ఎన్నో ఆదివారాలు ఎదురుచూసిన సంగతి ఇప్పుడు నా చేతుల్లో ఉంది, లోపలి గదికి వినపడేలా నాలుగు మాటలు అంటే చాలు.

లోపలి నుంచే అడిగాడు మామ. "ఏమైందిరా, చప్పుడు లేదు?"

"పేక పోయింది మామా, పట్టుకున్నం," అన్నాను. 'నేను' అనబోయి చివరి క్షణంలో మార్చాను. ఆ గొప్ప మనసుకు నాకే ఆశ్చర్యమేసింది.

"ఎవలు వట్టిన్రు?"

నేను మాట్లాడలేదు. అంతకుమించి గొప్పగా ఉండడం నావల్ల కాలేదు. షడ్డకుడు నా వంక చూసి, తలుపు వైపు తిరిగాడు.

"తమ్మి వట్టిండు మామా. నాకు ఆనలే."

మామ ఏమంటాడో అని నేను తలుపు వైపు చెవి పెట్టాను.

"అయ్యో, పొద్దటిసంది నిలవడ్డరు గదా, కండ్లు గుంజినట్టయితయి. జర కూసోన్రి. ఏమే, పెద్దల్లునికి చాయ్ వెట్టు, అద్రక్ ఎక్కువెయ్యి." తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, "చిన్నల్లుడా, మిగిలినయి నువ్వు చూసి కట్టు."

అదే తప్పుకు అప్పట్లో నేను కట్టిన తానులన్నీ విప్పారు. ఆయనకు అల్లం చాయ్. అయినా నేను లేచి కిటికీ ఎదురుగా నిలబడ్డాను. లాగే పనికి అత్తమ్మ వచ్చి కూర్చుంది. షడ్డకుడు కుర్చీలో వెనక్కి వాలి, సాసరులో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు. అందులో చక్కెర ఉంది. లేత నీలం గుడ్డ పైపు మీదినుంచి దిగుతూ ఉంది, నిలువు దారాలూ అడ్డ దారాలూ రెండూ కలిసి. తప్పులున్నచోట అంచుకు దారం కట్టి గుర్తు పెట్టాను, లేనివి మడిచి కట్టాను.

ఆ తర్వాత షడ్డకుడు కూడా జగిత్యాలలో చూపించుకున్నాడు. ఆయనకు ప్లస్ వచ్చింది. కాగితం ఫోటో పంపి అర్థం చెప్పమన్నాడు, ఒక్కో గడీ వివరించి చెప్పాను. ప్లస్ అంటే మంచి మార్కు కాదని, దగ్గరివి కనిపించడానికి వాడే అద్దమని మామకు కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, చూడవచ్చినవాళ్ళందరికీ, పెద్దల్లునికి ప్లస్సు, చిన్నల్లునికి మైనస్సు అని చెప్పుకున్నాడు.

ఆర్డరు గుడ్డ చూసిన ఆ రోజు నేను కట్టిన తానులను మాత్రం మామ విప్పించలేదు. విప్పిస్తే ఎవరు చూసేవాళ్ళు అని నా భార్య అడుగుతుంది. నాన్న కంటికి పట్టీ, బావకు దగ్గరిది ఆనదు, అమ్మకు అసలు గుడ్డ చూడడం రాదు, మిగిలింది నువ్వే కదా అంటుంది. ఆమె చెప్పే కారణాలన్నీ సరైనవే. అయినా తానులు కట్టింది కట్టినట్టే బండి ఎక్కాయి, గల్లీ మలుపు దాటేదాకా నేను గుమ్మంలో నిలబడి చూశాను.